పలుకూ, పలుకుబడీ

పలుకుబడి అనే మాటకు మన తెలుగులో రెండర్థాలున్నాయి. మాట్లాడే తీరు అని ఒకటి. నలుగురిలో మాట చెల్లుబాటు కావడం అని రెండోది. మా గుంటూరు వైపు ఈ రెండో అర్థమే ఎక్కువ వాడుకలో ఉంది. "ఆయనకు కలెక్టరాఫీసులో పలుకుబడి ఉంది" అంటే ఆయన అక్కడ బ్రహ్మాండంగా మాట్లాడతాడని కాదు, అసలు మాట్లాడాల్సిన అవసరమే ఆయనకు లేదని. మొదటి అర్థం నుంచి రెండో అర్థానికి ఈ మాట ఎట్లా వచ్చి చేరిందో భాషాశాస్త్రం చదివే మిత్రులు చెప్పాలి. నాకు తెలిసిందల్లా ఒక్కటే. కొందరు రెండో అర్థంలోనే పుడతారు. మాలాంటివాళ్లు మొదటి దాన్నుంచి రెండోదానికి కాలినడకన పోవాలి.

ఈ సంచికకు ఏదన్నా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, "వ్యక్తిత్వ వికాసం మీద రాస్తాను" అన్నాను. "ఉపన్యాసం వద్దు బాబూ, నీ సంగతి రాయి" అన్నారు. అందుకని ఇందులో మా ఊరూ, మా యార్డూ, మా హాస్టలు గదీ వస్తాయి. విసుగు పుడితే తర్వాతి పేజీలో కవితలున్నాయి.

మాది నల్లపాడు. గుంటూరు దాటగానే వచ్చే జంక్షను. ఇక్కడే ఒక రైలుమార్గం నరసరావుపేట, వినుకొండల మీదుగా నంద్యాల వైపుకీ, ఇంకోటి సత్తెనపల్లి, నడికుడి మీదుగా సికింద్రాబాదు వైపుకీ చీలిపోతాయి. మన విశ్వవిద్యాలయానికి మూలం కూడా మా ఊళ్లోనే ఉంది. 1967లో గుంటూరుకు వచ్చిన ఆంధ్రా యూనివర్సిటీ పి.జి. సెంటరు నల్లపాడులో నడిచింది. 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఆ రోజుల్లో మా తాతయ్య సెంటరు దారిలో సోడాబండి పెట్టుకున్నాడు. ఎం.ఏ.లూ, ఎం.ఎస్సీ.లూ చదివేవాళ్లు గోళీసోడా తాగుతూ ఎక్కడెక్కడి సంగతులో మాట్లాడుకునేవాళ్లట. "అన్నీ వినేవాణ్ణిరా, డబ్బులు తీసుకోవటం తప్ప ఒక్కడితో ఒక్క మాట మాట్టాడింది లేదు" అనేవాడు. ఏళ్ల తరబడి ఆ చదువుల పక్కనే నిలబడ్డ మనిషి, సోడా తాగిపోయే లెక్చరర్లలో ఒక్కరినైనా "మావాణ్ణి ఏం చదివించమంటారయ్యా?" అని అడగలేకపోయాడు. వాళ్లు కసురుకునేవాళ్లని కాదు. అడిగితే బహుశా బండి పక్కన బల్లమీద కూర్చుని మరీ చెప్పేవాళ్లేమో. మా నాన్న పదో తరగతితో ఆగి, మిరప యార్డులో ఒక కమిషను కొట్టులో గుమాస్తాగా చేరాడు.

అడగని ప్రశ్న ఖరీదు ఒక తరం చదువు. ఈ లెక్క నాకు చాలా ఆలస్యంగా బోధపడింది.

నాదీ తాతయ్య పోలికే. ఇంట్లో మా అమ్మ చెవులు కొరికేసేవాణ్ణి గాని, గుమ్మం దాటితే నాలుక పిడచగట్టుకుపోయేది. కండక్టరు టిక్కెట్టు వెనక రాసిచ్చిన చిల్లర అడగడానికి నోరు రాక, ఆ టిక్కెట్టు జేబులో అట్లాగే పెట్టుకుని దిగిపోయిన రోజులెన్నో. పెద్దలు దీన్ని వినయం అనుకుని మెచ్చుకునేవాళ్లు. "పిల్లాడు బుద్ధిమంతుడు, ఎత్తిన తల దించడు, దించిన తల ఎత్తడు" అని. (మొదటి ముక్క పొరపాటున అనేవాళ్లు, రెండోదే నిజం.) బిడియాన్ని సద్గుణం కింద జమకట్టడం మన ప్రాంతంలో బీద ఇళ్ల పిల్లలకు జరిగే పెద్ద అపకారమని నా అభిప్రాయం. ఉన్నవాళ్ల పిల్లాడు మాట్లాడకపోతే "ఏరా, మూగనోము పట్టావా?" అని వాళ్లే మాట్లాడిస్తారు.

ఇంటర్మీడియెట్ పరీక్షలైపోయిన ఏడు మా నాన్న నన్ను యార్డుకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మార్చి ఆఖరు నుంచి యార్డుకు వేసవి సెలవులిచ్చే దాకా రోజూ.

గుంటూరు మిరప యార్డు చూడనివారికి రెండు ముక్కలు చెప్పాలి. సీజనులో రాత్రంతా లారీలూ, ట్రాక్టర్లూ టిక్కీలు దింపుతూనే ఉంటాయి. మిరపకాయల బస్తాను మావైపు టిక్కీ అంటారు. పల్నాడు, ప్రకాశం సరే సరి, కర్నూలు నుంచీ, ఖమ్మం నుంచీ, కర్ణాటక నుంచీ కూడా సరుకు వస్తుంది. తెల్లారేసరికి ఒక్కో కొట్టు ముందు టిక్కీలు వరసలు తీరి ఉంటాయి. మూతి విప్పి మచ్చుకాయలు పైకి లాగి పెడతారు. కొత్తవాడికి తుమ్ములు, దగ్గు, కళ్లవెంట నీళ్లు. పాతవాడు తువ్వాలు ముక్కుకూ మూతికీ చుట్టుకుని పెళ్లివారింట్లో తిరిగినట్టు తిరుగుతుంటాడు. కొనే వ్యాపారి తాలూకు మనిషి వచ్చి గుప్పెడు కాయలు తీస్తాడు. గలగలలాడించి తేమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు, రంగు చూస్తాడు, తాలు ఏ మాత్రం ఉందో చూస్తాడు, రేటు చెబుతాడు. తేజ రకం చైనా దాకా పోతుందనీ, గుంటూరు సన్నానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ పేపర్లలో చదివే ఉంటారు. పేపర్లలో రానిదేమిటంటే, ఇన్ని కోట్ల వ్యాపారమూ మనిషి మనిషి దగ్గరికి నడిచిపోయి మాట్లాడటం మీదే నడుస్తుంది. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా సరుకు దగ్గరికి మనిషి రావలసిందే, మాట పడవలసిందే.

మొదటిరోజే నాన్న నన్ను కొట్లో కూర్చోనివ్వలేదు. "ఆ మూల కొట్టులో తేజ ఎంత పలికిందో కనుక్కునిరా" అన్నాడు. చూడండి, మన భాషలో ధర కూడా పలుకుతుంది, నాకే పలుకు లేదు! పది అడుగులేసి, ఒక కాటా చాటున నిలబడి, వెనక్కి చూశాను. ఆయన దగ్గరికొచ్చి అన్న మాట ఇప్పటికీ గుర్తు:

"నీ పనిమీద పోతన్నావా? కొట్టు పనిమీద పోతన్నావు. అడిగేది నువ్వు కాదురా, కొట్టు అడుగుద్ది. సిగ్గుపడితే కొట్టు సిగ్గుపడాల."

ఈ ఉపాయం నన్ను ఆ రోజు గట్టెక్కించింది. అడిగితే అవతల గుమాస్తా తల కూడా ఎత్తకుండా రేటు చెప్పాడు. అంతే. నేను అంతసేపు భయపడిన మనిషి నన్ను చూడనే లేదు! సిగ్గరి మనిషికి ఉన్న భ్రమ ఇదేననుకుంటాను, లోకమంతా పని మానుకుని తననే చూస్తోందని. యార్డులో ఎవరికీ అంత తీరిక లేదు.

రెండో వారానికి ఇంకో సంగతి తెలిసింది. ఊరికే పోయి అడిగేవాడికి ఊరికే పోయే జవాబే దొరుకుతుంది. మా నాన్న చేసే పని వేరు. తాను వెళ్లేటప్పుడు ఒక కబురు పట్టుకెళ్లేవాడు. "బాబాయ్, రాత్రి మార్కాపురం వైపు జల్లు పడిందంట, కల్లాల్లో కాయ తడిసిందంట" అని చెప్పి, అప్పుడు తన సంగతి అడిగేవాడు. "ఉత్తచేతుల్తో పోబాకురా, నాకు చెప్పు అనేవాడికన్నా, నీకో మాట చెబుతా అనేవాడికి కుర్చీ యేస్తారు." కబురు పెద్దది కానక్కర్లేదు, నిజమైతే చాలు. అబద్ధపు కబురు మోసినవాణ్ణి యార్డు సీజను పొడుగునా గుర్తుపెట్టుకుంటుంది.

మూడోది నేర్పింది మా నాన్న కాదు, ఎదురు కొట్టులో ఉండే ఒక ముసలి గుమాస్తా. ఒకరోజు ఆయన్ని ఫలానా కోల్డ్‌స్టోరేజిలో చోటుందా అని అడిగి, ఆయన చెప్పిన చోటికి మనిషిని పంపాం. పని అయింది. మర్నాడు నేను పోయి, "బాబాయ్, మీరు చెప్పిన చోట దొరికింది, నలభై టిక్కీలు దించాం" అని చెప్పాను. నాన్న పంపలేదు, ఎందుకో చెప్పాలనిపించి పోయాను. ఆయన కళ్లజోడు తీసి చూశాడు నన్ను. "అడగటానికి అందరూ వస్తారబ్బాయ్. అయిందో కాలేదో తిరిగొచ్చి చెప్పేవాడు ముప్పయ్యేళ్లలో పదిమంది ఉంటారు" అన్నాడు. ఆ తర్వాత ఆయనే నన్ను పిలిచి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. నేను డిగ్రీలో చేరడానికి ఏ కాలేజీలో ఫీజెంతో, ఏ స్కాలర్‌షిప్పుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో కనుక్కుని చెప్పింది ఆయనే. మా తాతయ్య అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు రెండు తరాల తర్వాత అట్లా దొరికింది, అదీ నేను అడక్కుండానే.

ఇప్పుడు రైల్వేస్టేషను పుస్తకాల షాపు నిండా అమెరికావాళ్లు రాసిన వికాస గ్రంథాలే. నవ్వమంటారు, ఎదుటివాడి పేరు గుర్తుపెట్టుకోమంటారు, కళ్లలోకి చూడమంటారు. ఈ బడికి ఆద్యుడు డేల్ కార్నెగీ కూడా మిస్సోరీలో పేద రైతు కొడుకే. 1912లో న్యూయార్కు వై.ఎం.సి.ఏ.లో ఉపన్యాసకళ తరగతులు మొదలుపెట్టాడు, 1936లో ఆయన ప్రసిద్ధ పుస్తకం వచ్చింది. ఆయన్ని తక్కువ చేయను. కాని చేతిలో పనీ, నోట్లో సంగతీ లేకుండా నవ్వొక్కటే పెట్టుకుని వెళ్లేవాణ్ణి మా యార్డులో అయితే "ఏంది సంగతి, అప్పు కావాల్నా?" అని అడుగుతారు.

ఈ సందర్భంలో గాంధీగారి కథ నాకు ఎక్కువ పనికొచ్చింది. బారిస్టరై వచ్చి బొంబాయిలో మొదటి కేసులో లేచి నిలబడితే కళ్లు తిరిగి, ప్రశ్న ఒక్కటీ తోచక, ఇంకో వకీలును పెట్టుకోమని చెప్పి బయటికి వచ్చేసిన మనిషి ఆయన. ఫీజు ముప్పై రూపాయలు. అంతకుముందు లండనులో శాకాహారుల సంఘంలో రాసుకున్న కాగితం కూడా చదవలేకపోయాడు. మరి నోరు ఎక్కడ లేచింది? 1893లో ప్రిటోరియాలో. అక్కడి మనవాళ్ల స్థితిగతులు తెలుసుకోవాలని ఆయనే సమావేశం పిలిపించాడు. తన జీవితంలో మొదటి బహిరంగోపన్యాసం అదేనని ఆయనే రాసుకున్నాడు. విన్నవాళ్లలో ఎక్కువమంది వర్తకులు, విషయం వ్యాపారంలో సత్యం. ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. చెప్పవలసిన సంగతి ఉంది, చెప్పవలసిన మనుషులు ఎదురుగా ఉన్నారు. "కొట్టు అడుగుద్ది" అని మా నాన్న అన్నదీ ఇదే కదా అనిపించింది.

ఇంతవరకూ చదివి, "అయితే ఇంకేం, ధైర్యంగా నడిచిపోయి మాట్లాడితే సరి" అనుకునేవారికి ఒక మాట. అంత సుళువు కాదు. మావైపు కొత్తమనిషి కనబడగానే మూడు ప్రశ్నలుంటాయి. మీదే ఊరు? ఎవరబ్బాయివి? ఇంటిపేరేంటి? మూడో ప్రశ్న అసలు ప్రశ్న. జవాబు చెప్పగానే కొందరికి తలుపు తెరుచుకుంటుంది, "ఓరి నీ! మన ఫలానావాళ్ల పిల్లాడివా" అని కాఫీ వస్తుంది. కొందరికి అదే జవాబుతో ఎదుటివాడి ముఖం మీద ఏదో మూసుకుంటుంది. మర్యాద అంతా అట్లాగే ఉంటుంది, మాట మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ఇది ఈనాటిది కాదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువాగారికి, పద్యం విని మెచ్చుకుని కులం తెలిశాక ముఖం తిప్పుకున్నవాళ్లు ఎదురయ్యారు. ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథా, సంభాషణలూ చెప్పి పొట్టపోసుకున్నారు. తర్వాత గుంటూరులో లూథరన్ ట్రైనింగు స్కూల్లో పంతులుగా చేశారు. చీకట్లో తెరపక్కన నిలబడ్డ గొంతును ఇంటిపేరు ఎవరూ అడగరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఏదోగా ఉంటుంది.

నా గదిలో ఉండిన మిత్రుడి కథ చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. వాళ్ల ఊరు ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 తర్వాత బాపట్ల జిల్లా అయింది. కౌలురైతు కొడుకు. వాళ్ల తాత 1987-88లో పత్తికి తెల్లదోమ పడి రైతులు పురుగుమందు తాగిన రోజులు చూసినవాడు. మావాడికి ఎం.ఎస్సీ.లో బ్యాచి మొత్తానికి మొదటి మార్కులు. ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోయాడు. పాఠం అడిగితే చెప్పాడు. తర్వాత "నాన్నగారేం చేస్తారు?" అన్నారు. "వ్యవసాయమండీ." "ఎన్నెకరాలు?" "కౌలండీ." అక్కడ ఇంటర్వ్యూ అయిపోయిందని వాడి భావన. ఉద్యోగం ఇంకొకడికి వచ్చింది. వాడికి మేనమామ పలుకుబడి ఉంది, రెండో అర్థంలో. మావాడు మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మాట్టాడటం రాదురా నాకు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వీడికి మాటలు రాకపోవడమేంటి, రాత్రి పన్నెండింటిదాకా పురుగుల గురించి నా బుర్ర తినేవాడికి!

అది 2021-22 సీజను. మిరపకు నల్ల తామరపురుగు పడి, పూతలో చేరి పిందె పడనీయకుండా తోటలకు తోటలు పోయిన ఏడు. చాలామంది రైతులు పైరు పీకేశారు. మావాడు శనివారం ఊరుపోయి వాళ్ల నాన్న చేలో నీలం జిగురు అట్టలు కట్టి, ఏ అట్టకు ఎన్ని పురుగులంటుకున్నాయో నోటుబుక్కులో రాసుకొచ్చేవాడు. తేదీ, గాలి ఎటు, ఏ మందు కొట్టారు, అన్నీ. ఎవరూ అడగలేదు, వాడి గోల వాడిది. ఆ నోటుబుక్కు చూసి నాకు యార్డు గుర్తొచ్చింది. "నువ్వు ఉత్తచేతుల్తో పోవట్లేదురా, అది పట్టుకుని లాం పో" అన్నాను. 1922 నుంచీ ఉన్న లాం ఫారం గుంటూరుకు ఎంత దూరం, అమరావతి రోడ్డులో బస్సెక్కితే దిగడమే. రెండు వారాలు వాయిదాలేశాడు. చివరికి నేనూ తోడుపోయి, గేటు దగ్గర చెట్టుకింద కూర్చున్నాను. వాడు లోపలికి పోయి గంటన్నరకు వచ్చాడు. అక్కడ ఒక శాస్త్రవేత్త మొదట పదినిమిషాలే టైమిచ్చాడట. పుస్తకం తిరగేయడం మొదలుపెట్టాక ఇంటిపేరడగటం మర్చిపోయి, "ఈ తేదీన ఎందుకు తగ్గినై?" అని అడిగాడట. వాడి చెయ్యి చల్లబడిపోయి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

తర్వాత జరిగింది నాకూ ఆశ్చర్యమే. ఆ శాస్త్రవేత్త వాడికి ఉద్యోగమేమీ ఇవ్వలేదు, ఇచ్చే స్థితిలోనూ లేడు. ఒక శిక్షణ శిబిరానికి రమ్మన్నాడు. అక్కడ మావాడు పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషికి తన లెక్కలు చెప్పాడు. ఇంటికెళ్లాక ఆయన అడిగిన కాగితం ఒకటి పంపాడు, నెల తర్వాత చేలో పరిస్థితి ఎట్లా ఉందో ఫోను చేసి చెప్పాడు. ఆయన్ని జీవితంలో రెండుసార్లే చూశాడు. ఆ రెండుసార్లు చూసిన మనిషే, ఎనిమిది నెలల తర్వాత, హైదరాబాదులో ఒక విత్తన పరీక్షాకేంద్రంలో ఖాళీ ఉందని కబురు చేశాడు. మా హాస్టల్లో నూటయాభైమంది ప్రాణమిత్రులం ఉన్నాం, ఆ ఖాళీ సంగతి మాలో ఒక్కడికీ తెలియదు.

మాకెట్లా తెలుస్తుంది? మాకు తెలిసిందల్లా వాడికీ తెలుసు, వాడికి తెలియనిది మాకూ తెలియదు. ఒకే గూటి పక్షులం. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ సంగతిని వ్యాసంగా రాశాడు. బోస్టను పక్కన న్యూటన్ అనే ఊళ్లో ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్లలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని, "ఆ చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్లు?" అని అడిగాడు. వారానికి రెండుసార్లయినా కలిసే దగ్గరివాళ్ల ద్వారా దొరికింది 16.7 శాతానికే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతానికి. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో కనబడేవాళ్ల ద్వారా 27.8 శాతానికి. అడిగింది యాభై నలుగురినే కాబట్టి, దీన్ని వేదం చేసుకోవద్దు. కాని 2022లో లింక్డిన్‌లో రెండు కోట్లమంది మీద చేసిన పరిశీలన 'సైన్స్' పత్రికలో వచ్చింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూముఖం తెలియనివాళ్లూ కాదు, ఓ మాదిరి ఎడం ఉన్న పరిచయాలే ఉద్యోగానికి బాగా పనికొస్తున్నాయని అదీ చెప్పింది. ఊళ్లూ, కాలాలూ మారినా సంగతి దాదాపు అదే.

కులం, బంధుత్వం ఇచ్చే పరిచయాలు దగ్గరి పరిచయాలు. అవి ఉన్నవాడికి ఉన్నాయి, వాటిని కాదనలేం. లేనివాడు వాటికోసం ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు. దూరపు పరిచయం సంపాదించుకునేది, దానికి మాత్రం కాళ్లూ, నోరూ, ఒక నోటుబుక్కూ ఉంటే చాలు. చాలు అంటున్నానుగాని, లాం గేటు దగ్గర మావాడి చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకు తెలుసు.

ఇంగ్లీషు సంగతి ఎత్తకపోతే మీరూరుకోరు. మన క్యాంపస్‌లో "మైసెల్ఫ్ ఫలానా, ఐయాం ఫ్రమ్ ఫలానా" అని అద్దం ముందు బట్టీపట్టేవాళ్లని రోజూ చూస్తున్నాను. ఇంగ్లీషు రావాలి, దానికి పెడసరం అక్కర్లేదు. కాని మాట ధాటి వేరు, భాష వేరు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో ఎన్.టి. రామారావుగారితోపాటు చదివి నాటకాలాడిన జగ్గయ్యగారిని ఢిల్లీ ఆకాశవాణి దాకా తీసుకుపోయింది తెలుగు చదివే గొంతు. ఆయనే 1967లో ఒంగోలు నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. నాటకంలో వేషం కట్టినవాడికి ఒక సౌకర్యం ఉంది. అది మా నాన్న చెప్పిన సౌకర్యమే. మాట్లాడేది వాడు కాదు, పాత్ర. మన కాలేజీలో నాటకపోటీలు ఆపేసి 'సాఫ్ట్ స్కిల్స్' క్లాసులు పెట్టడం బొత్తిగా లెక్కతప్పిన పని అని నేనంటే, ఆ క్లాసులు చెప్పే మాస్టారు నన్ను క్షమించాలి.

అమ్మాయిల విషయం వేరేగా చెప్పాలి. నేనిందాకటి నుంచీ చెబుతున్న యార్డు మొగవాళ్ల లోకం. టీకొట్టూ, స్టేషను బెంచీ, లాం గేటు చెట్టు కూడా అంతే. మా చెల్లెలు ఎం.కాం. చదువుతోంది. "నువ్వు కొత్తమనిషితో అరగంట మాట్టాడితే చొరవ అంటారన్నాయ్. నేను పావుగంట మాట్టాడితే ఇంటికి ఫోనొస్తుంది" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో ఆడపిల్లలకోసం శారదా నికేతనం పెట్టి నూరేళ్లు దాటింది. ఆ ఫోను మాత్రం ఇంకా వస్తూనే ఉంది. అయితే మా చెల్లెలే ఇంకో సంగతి చూపించింది. మా అత్త కాయల తొడిమలు తీసే పనికి పోతుంది. అక్కడి ఆడవాళ్లకు ఏ షెడ్డులో కూలి ఎంత, ఏ మేస్త్రీ తూకంలో నొక్కుతాడు, ఎక్కడ పసిపిల్లను పడుకోబెట్టనిస్తారు, అన్నీ తెలుసు. ఆటోలో పోతూ వస్తూ ఒకరికొకరు చెప్పుకుంటారు. "దీన్ని మీ ఇంగ్లీషులో ఏదో అంటారుగా, అదే ఇది" అంది.

ఆ మాట మీదే మేం ఒక పని మొదలుపెట్టాం. మా హాస్టల్లో ఏడుగురం శనివారం సాయంత్రం ఒక గదిలో కూర్చునేవాళ్లం. ఒక పొడుగు ఖాతాపుస్తకం, యార్డులో వాడే ఎర్రట్ట పుస్తకమే, కొని నాలుగు గడులు గీశాం. ఎవరిని కలిశావు, ఏం పట్టుకెళ్లావు, ఏమడిగావు, తిరిగి ఏం చెప్పావు. వారానికి ఒక కొత్తమనిషి. సొంతానికి ఏదీ అడగకూడదని మొదటి మూడు నెలలూ నియమం, పక్కవాడి కోసం అడగాలి. వాడికి బ్యాంకులోను సంగతి కావాలంటే నేను పోవాలి, నాకు లైబ్రరీ కార్డు కావాలంటే వాడు పోవాలి. మొదటి వారం ఏడుగురిలో నలుగురి గడులు ఖాళీ. ఒకడు రైల్వే బుకింగ్ క్లర్కును అడగడానికి పోయి టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు, నరసరావుపేటకు! మూడో నెలకు నాలుగో గడి తప్ప అన్నీ నిండేవి. తిరిగి చెప్పడం దగ్గరే అందరం వెనకబడేవాళ్లం, ఇప్పుడూ అంతే. పని అయిపోయాక మళ్లీ ఎందుకు పోవాలన్నది మన రక్తంలో ఉంది కాబోలు.

అమ్మాయిల హాస్టల్లో కూడా మా చెల్లెలు ఇట్లాంటిదే ఒకటి పెట్టింది. వాళ్లది నోటుబుక్కు, నీలం అట్ట. వాళ్లు ఒంటరిగా పోరు, ఇద్దరిద్దరు పోతారు, ఎవరన్నా అడిగితే ప్రాజెక్టు వర్కంటారు. మొన్నటి సీజనులో ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, మా అత్త వెంట ఒక తొడిమల షెడ్డుకు పోయింది. పట్టుకెళ్లిన కబురు, పక్క ఊరి షెడ్డులో ఇచ్చే కూలి. అడిగింది, ఇక్కడ ఎంతిస్తారని. రెండో శనివారం, ఇంకో రెండు షెడ్ల రేట్లు కూడా కనుక్కుని, తిరిగి చెప్పడానికి పోయింది. మేస్త్రీ గుమ్మంలోనే ఆపి, చదువుకునే పిల్లలకు ఇక్కడేం పని, మళ్లీ రావద్దన్నాడు. వెనక్కి తిరిగి రోడ్డు మీదకి వచ్చేసరికి, కూలివాళ్లు ఇళ్లకు పోయే ఆటో ఆగింది. ఆ వారం వాళ్ల పుస్తకంలో నాలుగో గడి నిండిపోయి పక్క గడిలోకి పోయింది. పదకొండు ఫోను నంబర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో పేరు, వేరువేరు చేతిరాతల్లో. రెండు నంబర్ల పక్కన పేరు లేదు, వేలిముద్ర లాంటి ఎర్రటి మరక ఉంది.